అడవికి యూరియా చల్లితే కర్బనం ఎక్కువగా నిల్వ ఉంటుందా?

ప్రశ్న: అమీన్‌పూర్ దగ్గర మా కాలనీకి నాలుగు ఎకరాల ఉమ్మడి స్థలం ఉంది. ఎనిమిదేళ్ల కిందట హరితహారంలో అందులో కానుగ, వేప, నెమలినార, నల్లమద్ది, టేకు, రావి మొక్కలు నాటాము. ఇప్పుడది చిన్నపాటి అడవిలా తయారైంది. ఏటా తొలకరికి రెండు బస్తాల యూరియా చల్లితే చెట్లు త్వరగా ఎదిగి, గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌ను మరింతగా పట్టి ఉంచుతాయని మా సంక్షేమ సంఘంలో ఒకరు పట్టుబడుతున్నారు. నత్రజని వల్ల అడవుల్లో కర్బన నిల్వ పెరుగుతుందని ఒక పరిశోధన వ్యాసంలో చదివానని మా మేనకోడలు కూడా అంటోంది. అడవికి ఎరువేమిటని మరికొందరు నవ్వుతున్నారు. ఒక బస్తా ఇప్పటికే కొని వాచ్‌మన్ గదిలో పెట్టాము. ఏం చేయమంటారు?
ఒక విశ్రాంత ఉద్యోగి, హైదరాబాద్

సమాధానం: మీ నాలుగెకరాల్లో యూరియా చల్లవద్దు. అయితే మీ మేనకోడలు చదివినది తప్పని నేను అనడం లేదు. నత్రజని చేరితే కర్బన నిల్వ పెరిగిన అడవులు ఉన్నాయి, పెరగని అడవులూ ఉన్నాయి, చెట్లే చచ్చిపోయిన చోట్లూ ఉన్నాయి. ఈ తేడా ఎందుకు వస్తుందో తెలిస్తే మీ స్థలం ఏ కోవలోకి వస్తుందో మీ సంఘమే తేల్చుకోగలదు కనుక కాస్త వివరంగానే రాస్తున్నాను.

గాలిలో 78 శాతం నత్రజనే అయినా చెట్టు దానిని నేరుగా తీసుకోలేదు. అమ్మోనియం, నైట్రేట్ వంటి రూపాల్లోకి మారి నేలలో కరిగి ఉన్నప్పుడే వేళ్లు దానిని అందుకుంటాయి. ఆకుపచ్చదనానికి, కిరణజన్య సంయోగక్రియ నడిపే ఎంజైములకు నత్రజని తప్పనిసరి కాబట్టి, దాని కొరత ఉన్న చోట కొంచెం అందించినా చెట్టు పుంజుకుంటుంది. ఇంతవరకు మీ సంఘ సభ్యుని వాదనలో తప్పులేదు. అయితే చెట్టు పచ్చగా కనిపించడం, కర్బనం ఏళ్ల తరబడి నిల్వ ఉండడం ఒకటి కావు. ఆకులోకి చేరిన కర్బనం ఏడాది తిరిగేసరికి రాలి, కుళ్లి, చాలావరకు మళ్లీ గాలిలోకే పోతుంది. మానులోకి, చేవలోకి చేరినది దశాబ్దాలు నిలుస్తుంది. మట్టిలో సేంద్రియ పదార్థంగా మారినది ఇంకా ఎక్కువ కాలం ఉండవచ్చు.

అందుచేత అసలు ప్రశ్న, వేసిన నత్రజని చివరికి ఎక్కడికి చేరుతుంది అన్నది. కలపలో ఒక కిలో నత్రజనికి సుమారు 200 నుంచి 500 కిలోల కర్బనం ఉంటుంది. అంటే చాలా కొద్ది నత్రజనితో చెట్టు చాలా కలపను కట్టుకోగలదు. ఆకుల్లో ఈ నిష్పత్తి కొన్ని పదులకు మించదు. మట్టిలోని సేంద్రియ పదార్థంలో కిలో నత్రజనికి 10 నుంచి 15 కిలోల కర్బనమే ఉంటుంది. ఇప్పుడు లెక్క వేయండి. మీరు చల్లిన కిలో నత్రజని మొత్తం మానులోకే వెళితే 300 కిలోల కర్బనం దానితో పాటు కలపగా మారినట్టు. అదే కిలో మొత్తం మట్టిలో ఆగిపోతే 15 కిలోలు దాటదు. వాననీటితో కొట్టుకుపోయినా, ఆవిరైనా సున్నా. ఒకే బస్తాకు ఇంత తేడా గల ఫలితాలు రావచ్చు గనుకనే ఈ విషయంలో శాస్త్రవేత్తలు పాతికేళ్లకు పైగా వాదించుకుంటున్నారు.

ఆ వాదనలో కీలకమైన పరిశీలన 1999లో నేచర్ పత్రికలో వచ్చింది. నాడెల్‌హాఫర్, ఆయన సహచరులు ఐరోపా, ఉత్తర అమెరికాల్లోని తొమ్మిది అడవుల్లో జరిగిన ప్రయోగాలను ఒకచోట చేర్చారు. మామూలు నత్రజని కన్నా కాస్త బరువైన నత్రజని-15 ఐసోటోపును గుర్తుగా వాడి, నేల మీద వేసినది తర్వాత ఎక్కడ తేలిందో ఆ ప్రయోగాల్లో వెతికారు. వేసిన దానిలో దాదాపు 70 శాతం నేలలోనే చిక్కుకుంది. చెట్లకు 20 శాతం వరకు అందింది. అందులోనూ కలపలోకి చేరినది మొత్తంలో 5 శాతం లోపే. పై నిష్పత్తులతో చూస్తే, కిలోలో 50 గ్రాములు కలపలోకి వెళ్లి 15 కిలోల కర్బనాన్ని, 700 గ్రాములు మట్టిలో నిలిచి మరో 10 కిలోలను పట్టి ఉంచితే మొత్తం 25 కిలోలు. అదీ మట్టిలో నిలిచిన నత్రజని కొత్త కర్బనాన్ని కూడా వెంట తెచ్చిందని ఉదారంగా ఒప్పుకుంటేనే. ఎరువును నేల మీద వేశారు కనుక, వర్షంతోపాటు పడే నత్రజనిని ఆకులే నేరుగా పీల్చుకునే మార్గం ఆ లెక్కలోకి రాలేదని, పరిశీలించిన కాలం కూడా తక్కువని విమర్శలు వచ్చాయి. అవి సమంజసమైనవే. కానీ మీరు చల్లబోయేది కూడా నేల మీదే కదా.

2007లో అదే పత్రికలో మాగ్నాని, ఆయన సహచరులు పూర్తిగా వేరే చిత్రం చూపించారు. ఎక్కువ నత్రజని పడే ప్రాంతాల్లోని అడవులు ఎక్కువ కర్బనాన్ని నిల్వ చేస్తున్నాయని, కిలోకు కొన్ని వందల కిలోల లెక్కన పెరుగుదల ఉందని ఆ ఫలితాల నుంచి అర్థం చేసుకున్నవారు ఉన్నారు. మీ మేనకోడలు చదివినది ఇదో, దీని నుంచి పుట్టినదో అయి ఉండవచ్చు. వెంటనే ఎదురు ప్రశ్నలు వచ్చాయి: ఐరోపాలో నత్రజని తక్కువగా పడే అడవులు ఎక్కువగా చలి ముదిరిన ఉత్తరాన ఉన్నాయి, ఎక్కువగా పడేవి వెచ్చని చోట ఉన్నాయి, మరి పెరుగుదల నత్రజని వల్లా, వెచ్చదనం వల్లా? పైగా వానతో పడేదాన్ని మాత్రమే లెక్కించి, పొడిగా గాలి నుంచి దిగేదాన్ని వదిలేస్తే కిలోకు దక్కే ఫలితం ఉన్నదాని కన్నా పెద్దదిగా కనిపిస్తుంది. 2009లో డి వ్రీస్, ఆయన సహచరులు అప్పటివరకు జరిగిన పలు రకాల అధ్యయనాలను సరిపోల్చి, కిలో నత్రజనికి 5 నుంచి 75 కిలోల కర్బనం, ఎక్కువ సందర్భాల్లో 20 నుంచి 40 కిలోలు అని తేల్చారు. ఆ అంకెనే నేను నమ్మదగినదిగా భావిస్తాను, ఎందుకంటే వేర్వేరు పద్ధతులు దాదాపు ఒకే చోటికి చేరాయి. అయితే ఇవన్నీ చలి దేశాల, సమశీతోష్ణ మండలాల అడవుల అంకెలు. వాటిని తెచ్చి హైదరాబాద్ చెల్క నేలకు అతికిస్తే నిలవవు.

నత్రజని మట్టిలో చేసే పని చెట్టులో చేసే పని కన్నా విచిత్రమైనది. దాన్ని కొంచెం నిదానంగా చూద్దాం. ఎండుటాకు, పుల్ల, బెరడు నేల మీద పడ్డాక వాటిని తినేవి బూజులు, బ్యాక్టీరియా. వేపాకు వంటి మెత్తని ఆకులకు నత్రజని తోడైతే అవి ఇంకా వేగంగా కుళ్లుతాయి. పేడ నీళ్లు చల్లిన ఎండుటాకుల కుప్ప త్వరగా మాగడం అందరికీ తెలిసినదే. లిగ్నిన్ అనే గట్టి పదార్థం ఎక్కువగా ఉండే పుల్లలు, ముదురాకుల విషయంలో కథ తిరగబడుతుంది. లిగ్నిన్‌ను విడగొట్టగలవి ముఖ్యంగా తెల్లకుళ్లు కలిగించే శిలీంధ్రాలు. వాటిలో చాలావాటికి నత్రజని కొరత ఉన్నప్పుడే ఆ ఎంజైములను తయారుచేసే అవసరం కలుగుతుంది. నత్రజని సులభంగా దొరికితే అవి ఆ పని తగ్గిస్తాయి. ఫలితంగా గట్టి చెత్త కుళ్లకుండా మిగిలి, మట్టిలో కర్బనం పేరుకుంటుంది. అమెరికాలో మిషిగన్ రాష్ట్రంలోని షుగర్ మేపుల్ అడవుల్లో 1994 నుంచి హెక్టారుకు ఏటా 30 కిలోల నత్రజని వేస్తూ వచ్చిన ప్రయోగంలో కలపతో పాటు నేలలోనూ కర్బనం పెరగడానికి ఇదొక కారణం. అంటే అక్కడి నేల కర్బనం కొంతవరకు కుళ్లడం ఆలస్యమైనందువల్ల మిగిలినదే. సూక్ష్మజీవుల పనిని మందగింపజేసి పొందే నిల్వను ఆరోగ్యం అనాలో, అజీర్ణం అనాలో నాకు తేలదు.

మసాచుసెట్స్‌లోని హార్వర్డ్ ఫారెస్ట్‌లో 1988లో మొదలైన ప్రయోగం ఇంకా గట్టి హెచ్చరిక ఇస్తుంది. పక్కపక్కనే ఉన్న రెండు అడవులకు, ఒకటి వెడల్పాకుల చెట్లది, మరొకటి ఎర్ర పైన్ తోట, హెక్టారుకు ఏటా 50 కిలోలు ఒక మడికి, 150 కిలోలు మరో మడికి నత్రజని ఇస్తూ వచ్చారు. వెడల్పాకుల చెట్లు బలపడ్డాయి. ఎక్కువ నత్రజని అందిన మడిలోని పైన్ చెట్లు కొన్నేళ్లకు పెరగడం మందగించి, ఆపై పెద్ద సంఖ్యలో చచ్చిపోయాయి. ఒకే ఊరు, ఒకే వాన, ఒకే ఎరువు. కనిపించే పెద్ద తేడా చెట్టు జాతి. 2010లో అమెరికా ఈశాన్య రాష్ట్రాల్లోని 24 జాతుల చెట్లను పరిశీలించినప్పుడు కూడా నత్రజని పడే కొద్దీ పెరిగినవి 11 జాతులే. కాబట్టి ‘చెట్టుకు నత్రజని మంచిది’ అనే వాక్యం వినగానే ఏ చెట్టుకు, ఎంత, ఏ నేలలో అని అడగడం మీ సంఘం అలవాటు చేసుకోవాలి.

అవసరానికి మించిన నత్రజని ఊరికే ఉండదు. అమ్మోనియం నైట్రేట్‌గా మారేటప్పుడు నేల ఆమ్లత పెరుగుతుంది. నైట్రేట్ నీటితో జారిపోతూ కాల్షియం, మెగ్నీషియం, పొటాషియంలను వెంట తీసుకుపోతుంది. ఆమ్లత మరీ ముదిరితే అల్యూమినియం కరిగి వేళ్లను దెబ్బతీస్తుంది. దక్షిణ చైనాలోని డింగ్‌హూషాన్ ముదురు అడవిలో నత్రజని వేసిన మడుల్లో నేల ఆమ్లత మరింత పెరగడాన్ని అక్కడి పరిశోధకులు నమోదు చేశారు. ఉష్ణమండలంలో ఇంకో చిక్కు భాస్వరం. హవాయి దీవుల్లో విటౌసెక్ బృందం వేర్వేరు వయసుల లావా నేలలను పోల్చి చూసింది. సుమారు 300 ఏళ్ల కొత్త నేల మీది చెట్లు నత్రజని ఇస్తే పెరిగాయి. 40 లక్షల ఏళ్ల పాత నేల మీది చెట్లు మాత్రం భాస్వరం ఇస్తేనే పెరిగాయి. నేల ముదిరే కొద్దీ భాస్వరం కొట్టుకుపోవడమో, ఇనుము, అల్యూమినియంలతో గట్టిగా బంధించుకుపోవడమో జరుగుతుంది. అలాంటి చోట నత్రజని ఎంత చల్లినా చెట్టుకు అది అక్కరకు రాదు.

ఇక మీ స్థలం సంగతి. హైదరాబాద్ చుట్టూ గ్రానైటు శిథిలాల నుంచి ఏర్పడిన ఎర్ర చెల్క నేలల్లో సేంద్రియ పదార్థం, నత్రజని రెండూ తక్కువే. ఈ మాట ఒప్పుకోకపోతే మీ సంఘ సభ్యునికి అన్యాయం చేసినట్టవుతుంది. వానలు బాగా కురిసిన ఏడాది మీ చెట్లు యూరియాకు కొంత స్పందించవచ్చు. కానీ ఇక్కడ ఏడాదికి కురిసే సుమారు 800 మిల్లీమీటర్ల వానలో ఎక్కువ భాగం జూన్ నుంచి సెప్టెంబరు లోపే పడిపోతుంది. ఫిబ్రవరి, మార్చి నాటికి టేకు, నల్లమద్ది ఆకు రాల్చేసి నిలబడతాయి. ఆ నెలల్లో వాటిని ఆపేది నత్రజని కొరత కాదు, నీటి కొరత. పైగా నత్రజని సులభంగా దొరికిన చెట్టు వేళ్ల మీద, వేళ్లతో కలిసి బతికే శిలీంధ్రాల మీద పెట్టే ఖర్చు తగ్గించి, ఆకు మీద ఎక్కువ పెడుతుంది. వానాకాలంలో గుబురుగా పెరిగిన తల, లోతు చాలని వేరు ఉన్న చెట్టు మే నెల ఎండను, ఆ వెంటనే వచ్చే ఈదురుగాలిని ఎలా తట్టుకుంటుందో ఒక్కసారి ఆలోచించండి.

మీ స్థలంలో నత్రజనిని తయారుచేసే చెట్టు ఇప్పటికే ఉంది. ఆరోగ్యంగా ఉన్న కానుగ మొక్క చుట్టూ తడి మట్టిని వానాకాలంలో వేళ్లు తెగకుండా మెల్లగా తీసి చూడండి. సన్నని వేళ్లకు చిన్న చిన్న బుడిపెలు కనిపిస్తాయి. ఒకదాన్ని గోటితో గిల్లితే లోపల లేత ఎరుపు రంగు ఉంటే అందులోని బ్యాక్టీరియా పని చేస్తోందని అర్థం. బూడిద రంగో, ఆకుపచ్చో అయితే ఆ బుడిపె పని అయిపోయినట్టు. ఈ బ్యాక్టీరియా గాలిలోని నత్రజనిని కానుగకు అందిస్తుంది, రాలిన ఆకుల ద్వారా కాలక్రమంలో పక్క చెట్లకూ చేరుస్తుంది. యూరియా చల్లితే కానుగ ఈ పనిని తగ్గించుకుంటుంది, ఎందుకంటే బ్యాక్టీరియాకు చక్కెర ఇచ్చి నత్రజని తీసుకోవడం కన్నా నేలలో దొరికేది తీసుకోవడం దానికి చౌక. అంటే డబ్బు పెట్టి కొన్న నత్రజనిలో కొంత భాగం ఉచితంగా వచ్చేదాన్ని ఆపడానికే ఖర్చవుతుంది. చిక్కుడు కుటుంబపు చెట్లన్నీ ఇలా చేస్తాయని మాత్రం అనుకోవద్దు. మన రాష్ట్ర పుష్పం తంగేడు ఆ కుటుంబానిదే అయినా దాని వేళ్లకు ఈ బుడిపెలు రావు.

చల్లిన యూరియాను ముందు అందుకునేది కూడా చెట్టు కాదు. తొలకరికి మొలిచే గడ్డి, వయ్యారిభామ దానిని ముందే లాగేసుకుంటాయి. అక్టోబరుకల్లా నడుము ఎత్తు పెరిగిన ఆ గడ్డి ఫిబ్రవరికి ఎండి, ఎవరో పారేసిన ఒక్క బీడీ ముక్కకు అంటుకుంటే, మీరు ఎనిమిదేళ్లుగా పోగేసిన కర్బనంలో ఎంతో కొంత ఒక మధ్యాహ్నంలో పోతుంది. నా మట్టుకు యూరియా వద్దనడానికి ఈ ఒక్క కారణమే చాలు.

జమా ఖర్చు కూడా చూద్దాం. ఇప్పుడొస్తున్న 45 కిలోల బస్తాలో 46 శాతం, అంటే 20.7 కిలోల నత్రజని ఉంటుంది. రెండు బస్తాలు నాలుగెకరాలకు, అంటే సుమారు 1.6 హెక్టార్లకు చల్లితే హెక్టారుకు 26 కిలోలు. మిషిగన్ ప్రయోగానికి దగ్గరగానే ఉంది. ఆ నత్రజనిని సహజవాయువు నుంచి ఫ్యాక్టరీలో తయారుచేసి, నేలలో యూరియా విడిపోయేదాకా చూస్తే కిలోకు సుమారు 2 నుంచి 3 కిలోల కార్బన్ డయాక్సైడ్ గాలిలో కలుస్తుంది. వేసిన నత్రజనిలో ఒక శాతం నైట్రస్ ఆక్సైడ్‌గా మారుతుందన్నది అంతర్జాతీయంగా వాడే సాధారణ లెక్క. పొడి ప్రాంతాల్లో అది తక్కువగా, తడి ప్రాంతాల్లో ఎక్కువగా ఉంటుంది. వందేళ్ల లెక్కన నైట్రస్ ఆక్సైడ్ కార్బన్ డయాక్సైడ్ కన్నా 273 రెట్లు వేడిని పట్టి ఉంచుతుంది గనుక, ఆ ఒక్క శాతమే కిలో నత్రజనికి నాలుగు కిలోల పైచిలుకు కార్బన్ డయాక్సైడ్‌తో సమానం. రెండూ కలిపి కిలోకు సుమారు 7 కిలోలు, మీ రెండు బస్తాలకు దాదాపు 290 కిలోలు. ఇది ఖర్చు. రాబడి వైపు చూస్తే, మీ చెట్లు ఐరోపా అడవుల్లా కిలోకు 20 నుంచి 40 కిలోల కర్బనం చొప్పున స్పందిస్తే (కిలో కర్బనం సుమారు 3.67 కిలోల కార్బన్ డయాక్సైడ్‌కు సమానం) మూడు నుంచి ఆరు టన్నుల కార్బన్ డయాక్సైడ్ నిల్వ అవుతుంది. ఖర్చు దాని ముందు లెక్కలోకి రాదు. అధ్యయనాల్లో కనిపించిన కనిష్ఠం, అంటే కిలోకు 5 కిలోలే అయితే రాబడి 760 కిలోలు. అందులో మూడో వంతుకు పైగా ఖర్చే తినేస్తుంది. నీరో, భాస్వరమో చాలక స్పందన సున్నా అయితే ఏటా 290 కిలోల నష్టం. యూరియా ఎప్పుడూ నష్టమేనని చెప్పేవారు కూడా ఈ లెక్కను పూర్తిగా వేయడం లేదు. లాభనష్టాలు చెట్టు స్పందన మీద ఆధారపడి ఉన్నాయి, ఆ స్పందన ఇక్కడ గట్టిగా ఉంటుందని నమ్మడానికి నాకు ఆధారం కనబడడం లేదు.

ఎండుటాకుల మీద పైపైన చల్లిన యూరియా ఇంకో దారి కూడా పడుతుంది. రాలిన ఆకుల్లో యూరియేజ్ అనే ఎంజైము పుష్కలంగా ఉంటుంది. అది యూరియాను అమ్మోనియాగా మారుస్తుంది. చిన్న జల్లు పడి ఆగిపోయి, మళ్లీ ఎండ కాస్తే ఆ అమ్మోనియా గాలిలోకి లేచిపోతుంది. మన దేశంలో అమ్మే యూరియాకు ఉండే వేపనూనె పూత అది నైట్రేట్‌గా మారే వేగాన్ని తగ్గిస్తుంది తప్ప అమ్మోనియా ఎగిరిపోకుండా ఆపదు. అటు భారీ వాన పడితే నైట్రేట్ జారి చెరువు దారి పడుతుంది. అమీన్‌పూర్ చెరువును 2016లో జీవవైవిధ్య వారసత్వ స్థలంగా గుర్తించారు; మీ నీటి వాలు అటువైపే అయితే ఆ చెరువులో గుర్రపు డెక్కకు, నాచుకు మీ కాలనీ తరఫున ఎరువు పంపడం ఎవరికీ ఇష్టం ఉండదు. పైగా నగరంలో బండ్ల పొగ నుంచి నైట్రోజన్ ఆక్సైడ్లు, మురుగు కాలువలు, పశువుల కొట్టాలు, కోళ్ల ఫారాల నుంచి అమ్మోనియా మీరు అడగకుండానే మీ చెట్ల మీదకు దిగుతున్నాయి. అడవులకు అదనపు నత్రజని గురించి ప్రపంచంలో జరిగే పరిశోధనలో ఎక్కువ భాగం ఇలా గాలి నుంచి పడే దాని గురించే. బస్తాతో చల్లడం అన్నది ఆ ప్రక్రియను అనుకరించేందుకు వారు ఎంచుకున్న పద్ధతి మాత్రమే.

మరి చేయవలసినదేమిటి? మీ ఉత్తరంలో రాయలేదు గానీ, చాలా కాలనీల్లో జరిగేదే మీ దగ్గరా జరుగుతూ ఉంటే, ముందు చీపురు ఆపించండి. శుభ్రత పేరుతో రాలిన ఆకులను ఊడ్చి ఒక మూలన తగలబెట్టడం మన నగరంలో మామూలైపోయింది. చెట్టు ఆకును రాల్చేముందు అందులోని నత్రజనిలో దాదాపు సగాన్ని వెనక్కి తీసుకుంటుంది. అయినా ఎండుటాకు బరువులో సుమారు ఒక శాతం నత్రజని మిగులుతుంది. హెక్టారుకు ఏటా మూడు టన్నుల ఆకు రాలిందనుకుంటే అందులో 30 కిలోల నత్రజని ఉన్నట్టు, మీరు బస్తాలతో వేయాలనుకున్న 26 కిలోల కన్నా ఎక్కువ. తగలబెడితే అందులో అధిక భాగం పొగతో పోతుంది. ఊడ్చి లారీకెక్కిస్తే మొత్తం పోతుంది. భాస్వరం, కాల్షియం వంటివి బూడిదలో కొంత మిగిలినా, ఆ బూడిద ఎక్కడో కుప్పగా ఉండిపోయి చెట్లకు అందదు. ఆకును రాలిన చోటే ఉంచితే తేమ నిలుస్తుంది, నేల చల్లగా ఉంటుంది, నత్రజని భాస్వరాలు చెట్టుకు కావలసిన వేగంలోనే తిరిగి అందుతాయి. పాములొస్తాయని కొందరు భయపడతారు. నడక దారికి ఇరువైపులా రెండు మీటర్ల మేర శుభ్రంగా ఉంచి, లోపలి భాగాన్ని వదిలేయండి. అగ్గి భయం ఉంటే జనవరిలోపు చుట్టూ మూడు మీటర్ల వెడల్పున గడ్డి కోయించి అగ్గిబాట తీయించండి.

వాలుకు అడ్డంగా చిన్న కందకాలు తవ్వించి వాననీరు నిలిపితే ఈ నేలల్లో యూరియా కన్నా ఎక్కువ మేలు జరుగుతుంది. ఖాళీలు ఉన్న చోట గట్ల మీద గిరిపుష్పం నాటవచ్చు. దాని రొట్టలో నత్రజని బాగా ఉంటుంది గనుకనే మెట్ట పొలాల గట్ల మీద దీనిని పెంచమని పటాన్‌చెరులోని ఇక్రిశాట్ శాస్త్రవేత్తలు ప్రోత్సహించారు. ఏదైనా వేసేముందు మట్టి పరీక్ష చేయించండి. చీటీలో సేంద్రియ కర్బనం 0.5 శాతం లోపు ఉంటే తక్కువ, 0.75 పైన ఉంటే ఎక్కువ అని మన దేశంలో లెక్క. నత్రజని అందుబాటుకు కూడా దానినే సూచికగా చూస్తారు. భాస్వరం అంకె చూడడం మరచిపోవద్దు. కొత్తగా నాటిన మొక్కలకు మాత్రం మొదటి ఒకటి రెండేళ్లు పాదులో బాగా మాగిన పశువుల ఎరువు వేయడంలో తప్పులేదు. వాటి వేరు ఇంకా చిన్నది, పోటీ ఎక్కువ.

ఇంత చెప్పినా సభ్యుడు ఒప్పుకోకపోతే వాదన పెంచకండి, ప్రయోగం పెట్టండి. ఒకే రకమైన చెట్లున్న చోట ఆరు సమానమైన మడులు గుర్తించి, చీటీలు వేసి మూడింటికి యూరియా, మూడింటికి ఏమీ వేయకుండా ఉంచండి. ప్రతి చెట్టుకు నేల నుంచి 1.37 మీటర్ల ఎత్తులో పెయింటుతో గీత గీసి, ఏటా అదే నెలలో టేపుతో చుట్టుకొలత తీసుకోండి. నీరు ఎక్కువున్నప్పుడు మాను కొంచెం ఉబ్బుతుంది, ఎండలో కుంచించుకుపోతుంది కనుక నెల మారితే అంకె మోసం చేస్తుంది. చచ్చిన చెట్లను కూడా రాసుకోవాలి. లేకపోతే మిగిలినవి మాత్రమే లావెక్కినట్టు కనిపిస్తాయి. ఎండు బరువులో దాదాపు సగం కర్బనం అన్న లెక్కతో, ఆ జాతికి అటవీశాఖ వాడే సమీకరణాల సాయంతో నిల్వను అంచనా వేయవచ్చు. నేలలోది కావాలంటే 30 సెంటీమీటర్ల లోతు వరకు నమూనా తీయాలి, మట్టి సాంద్రత కూడా కొలవాలి. అది లేకుండా శాతం మాత్రమే రాస్తే ఎన్ని టన్నులన్నది తేలదు. మూడు, నాలుగేళ్ల లోపు తీర్పు చెప్పకండి, ఒక మంచి వానాకాలం, ఒక కరువు రెండూ చూసేదాకా ఆగండి. కాలనీ గేటు దగ్గర ఎన్ని టన్నుల కర్బనం పట్టామో బోర్డు పెట్టాలన్న సరదా ఉంటే అంతవరకు వాయిదా వేసుకోండి.

వాచ్‌మన్ గదిలోని బస్తా తేమ పీల్చి గడ్డకట్టకముందే వాడుకోవచ్చు. నడక దారుల నుంచి, ఇళ్ల ముందు నుంచి ఎలాగూ ఊడ్చే ఆకులతో ఒక గుంతలో కంపోస్టు చేయండి. వంద కిలోల ఎండుటాకులో సుమారు 45 కిలోల కర్బనం, 0.8 కిలోల నత్రజని ఉంటాయి; త్వరగా మాగాలంటే కర్బనం నత్రజనికి 30 రెట్ల దగ్గర ఉండాలి కాబట్టి మరో 0.7 కిలోల నత్రజని, అంటే ఒకటిన్నర కిలోల యూరియా సరిపోతుంది. దానిని నీళ్లలో కరిగించి పొర పొరకూ చల్లి, పైన రెండంగుళాల మట్టి కప్పండి. కంపోస్టులో సగానికి పైగా కర్బనం గాలిలోకే పోతుంది గనుక దీనిని కర్బన నిల్వ కింద రాయకండి. ఇది కాలనీలోని పూల మొక్కల కోసం. కప్పిన మర్నాడు గుంత దగ్గర ముక్కుకు ఘాటుగా అమ్మోనియా వాసన తగిలితే యూరియా ఎక్కువైందని అర్థం, అప్పుడు ఇంకొన్ని ఎండుటాకులు కలిపి మళ్లీ కప్పండి.